బండి ఎత్తు పెంచే ముందు

పర్లాకిమిడి,
శివరాత్రి వెళ్ళిన మూడో రోజు.

చిరంజీవి అమ్మడుకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అమ్మ, నాయనమ్మ, నేను క్షేమంగా ఉన్నాము. నీవు రూర్కెలా నుంచి పంపిన ఉత్తరం, దానితో పాటు నీవు గీసిన బండి బొమ్మ, కొనవలసిన సామాన్ల జాబితా అందాయి. బొమ్మ చూసి నాయనమ్మ "ఇది బండా, అంబారీ ఏనుగా" అని అడిగింది. నాలుగు అంగుళాల ఎత్తు, 33 అంగుళాల టైర్లు, ముందు ఇనుప గార్డు, దిగబడిన బండిని తాడుతో లాగే కరెంటు వించి, నీళ్లలో ఇంజినుకు పైనుంచి గాలి అందించే స్నార్కెలు గొట్టం, క్యాబిన్ మీద లైట్ల పట్టీ అని వ్రాశావు. జాబితాను రెండుసార్లు శ్రద్ధగా చదివాను గాని, బ్రేకు అన్న మాట ఒక్కచోటా కనిపించలేదు. ఈ ఉత్తరం పొడుగు కావడానికి కారణం అదే.

సెలవుల్లో మన పెరట్లోనే ఈ పని చేసుకుందామన్న నీ కోరికకు నేను అడ్డు చెప్పడం లేదు. ఆ మహీంద్రా బొలెరో క్యాంపర్‌ను 2009లో కొన్నాను, అప్పటికి నీకు నాలుగేళ్లు. 2012లో మన ఒడిశా బళ్ల నంబరు అక్షరాలు ఓఆర్ నుంచి ఓడీకి మారాక మన గజపతి జిల్లాలో వచ్చినవన్నీ ఓడీ 20 అయ్యాయి గనుక, మన ఓఆర్ 20 పలకను చూసే బజారులో వాళ్లు దానిని ముసలి బండి అంటారు. ముసలిదైనా నాలుగు చక్రాలకూ నడక ఉన్న బండి. ఎలక్ట్రానిక్ పెట్టెలేవీ లేని 2523 సీసీ డీజిలు ఇంజిను. ముందూ వెనకా కమాన్లే, అంటే ఉక్కు పట్టీల స్ప్రింగులే. ఇంట్లో పానాలు పట్టుకుని పని నేర్చుకునే మనిషికి ఇంతకంటే అనువైన బండి దొరకదు. అయితే అది మార్చి నుంచి మే దాకా గుమ్మ, సెరంగో కొండల మీది సవర గూడేల నుంచి జీడిపిక్కలు దింపి పలాసకు చేర్చే బండి కూడా. నీ ఫీజులో కొంత దాని తొట్టిలోంచే వస్తున్నదని గుర్తు పెట్టుకుని మిగతాది చదువు.

ముందుగా ఎత్తు సంగతి. కమాన్ల కింద దిమ్మలు పెట్టి బండిని నాలుగు అంగుళాలు లేపితే లేచేది ఛాసిస్, దాని మీది క్యాబిను, తొట్టి మాత్రమే. కొండదారిలో గాడి మధ్యన ఉండే మట్టిగట్టుకు మొదట తగిలేది వెనక హౌసింగు, అంటే వెనక ఇరుసును మూసి ఉంచే ఇనుప డొల్ల, మధ్యలోని ఉబ్బు, అది ఒక్క వెంట్రుకవాసి కూడా లేవదు. దానిని లేపగలిగేది టైరు ఒక్కటే, అదీ టైరు పెరిగిన ఎత్తులో సగమే. పైగా ఛాసిస్ లేచి హౌసింగు కిందే ఉండిపోవడం వల్ల ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరుగుతుంది, దాని కీళ్లయిన క్రాసులు త్వరగా అరుగుతాయి, బ్రేకు గొట్టాలు చాలక బిగుసుకుంటాయి, స్టీరింగు రాడ్డు వాలు మారి గతుకు తగిలినప్పుడల్లా చక్రం తనంతట తాను పక్కకు లాగుతుంది. సెరంగో దారిలో ఒక పక్క కొండ, ఒక పక్క లోయ ఉన్న వాలు మీద, తొట్టి నిండా బస్తాలతో, బరువు నాలుగు అంగుళాలు పైకి చేరిన బండిని నేను నడపను, నిన్ను నడపనివ్వను. ముందు కమాన్ల కింద దిమ్మ పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దు; బ్రేకు నొక్కినప్పుడు ముందు ఇరుసు మీద పడే మెలికకు ఆ దిమ్మ జారిందంటే చేతిలో స్టీరింగు ఉండీ లేనట్లే.

మరి బండి కింద ఆనుతున్నది కదా అంటావు. నిజమే, ఆనుతున్నది. కాని నిన్న మట్టం చేసిన నేల మీద నిలబెట్టి, ప్రతి చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు వరకు టేపుతో కొలిచాను. వెనక ఎడమ పక్క కుడి పక్క కంటే 18 మిల్లీమీటర్లు దిగి ఉంది. ఇన్నేళ్ల బరువుకు కమాన్లు చదునైపోయాయి. మన బండి పోగొట్టుకున్న ఎత్తును దానికి తిరిగి ఇస్తే నీవు కోరినదానిలో మంచి భాగం వచ్చేస్తుంది. కమాన్లు విప్పి, పట్టీలన్నీ తుప్పు గీకి, పగిలినదాన్ని మార్చి, వంపు తిరిగి కొట్టించాలి. ఆ వంపు చల్లగా ఉండగానే సుత్తితో కొట్టే చేతివాటం ఉన్నవాడి దగ్గరే చేయించాలి; గ్యాసుతో ఎర్రగా కాల్చి వంచితే ఉక్కు పదును చచ్చి, ఆరు నెలల్లో మళ్లీ చదునవుతుంది. కమానును ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు ఒకసారి బిగించాక సాగిపోతాయి, కాబట్టి కొత్తవే వేయాలి. రబ్బరు బుష్షుల బోల్టులను బండిని నేల మీదికి దించి, దాని బరువు దాని మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. గాలిలో ఉండగా బిగిస్తే బుష్షు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది.

పట్టీలు పెంచుదామని మాత్రం అనకు. ఆ తప్పు నేను చేశాను. కొన్న మూడో ఏట, జీడి బాగా కాసిన సంవత్సరం, ఇంకో పది బస్తాలు ఎక్కించవచ్చని వెనక ఒక్కొక్క కమానుకు రెండేసి పట్టీలు ఎక్కువ వేయించాను. బండి ఖాళీగా ఉన్నప్పుడు గాడిదలా గెంతేది. ఎగుడుదిగుడు నేల మీద కమాను వంగవలసిన చోట వంగక, ఒక చక్రం గాలిలో లేచి ఊరికే తిరిగేది, మిగతా బండి నిలబడిపోయేది. కొండ ఎక్కడానికి కావలసింది బిగువు కాదని, చక్రం నేలను వదలకుండా ఉండే మెత్తదనమని నాకు అర్థమయ్యేసరికి, కమాను బ్రాకెట్టు పక్కన ఛాసిస్ మీద వేలెడు పొడుగు చీలిక వచ్చింది. ఆ వెల్డింగు మచ్చ ఇప్పటికీ ఉంది, వచ్చాక చూపిస్తాను. ప్రతి ఏడూ ఫిట్‌నెస్‌కు తీసుకువెళ్లినప్పుడు నా చూపు మొదట అక్కడికే పోతుంది.

టైర్ల లెక్క నీకు నేను చెప్పనక్కరలేదు గాని, నా సంతృప్తి కోసం నేనూ వేసుకున్నాను. ఇప్పుడున్నవి 215/75 ఆర్ 15. వాటి మొత్తం ఎత్తు 703 మిల్లీమీటర్ల పైచిలుకు. నీవు కోరే 33 అంగుళాల టైరు 838. అంటే 19 శాతం పెద్దది. స్పీడు ముల్లు 50 చూపుతుంటే బండి 60 మీద ఉంటుంది. అంతకంటే ముఖ్యంగా, ప్రతి గేరూ 19 శాతం బరువెక్కినట్లు అవుతుంది. ఘాట్‌లో రెండో గేరులో ఎక్కే మలుపు మొదటి గేరు అడుగుతుంది, దిగేటప్పుడు అవే పాత బ్రేకులు అంతకంటే పెద్ద చక్రాన్ని ఆపవలసి వస్తుంది. 235/75 ఆర్ 15 వేస్తే ఎత్తు 733 దాకా వస్తుంది, హౌసింగు 15 మిల్లీమీటర్లు లేస్తుంది, ముల్లు తేడా నాలుగు శాతం పైచిలుకే, మడ్‌గార్డు కోయనక్కరలేదు. దానికి నేను ఒప్పుకుంటాను. పూర్తి బురద టైర్లు వద్దు. మనం తిరిగేదానిలో ఎక్కువ భాగం తారు రోడ్డే, తడిసిన తారు మీద ఆ గడ్డల టైరు పట్టు తక్కువ, మోత ఎక్కువ. ఎర్రమట్టిలో దిగబడినప్పుడు 35 పాయింట్ల గాలిని 20కి దించి చూడు, టైరు అడుగు పొడుగై నేలను పట్టుకుంటుంది. బయటపడ్డాక తిరిగి నింపడానికి బ్యాటరీ మీద నడిచే చిన్న పంపు ఉంటే చాలు. నీ జాబితా మొత్తంలో ఖర్చుకు తగిన ఫలమిచ్చేది ఆ పంపే, కాని దానిని నీవు వ్రాయనే లేదు.

స్నార్కెలు చూసినప్పుడు నాకు తిత్లీ తుఫాను గుర్తుకు వచ్చింది. 2018 అక్టోబరు 11న అది పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలమట్టం చేసి, మన గజపతి కొండల మీద చరియలు విరిగిపడేంత వాన కురిపించింది. మూడో రోజున గూడేలకు బియ్యం, కిరోసిన్ తీసుకుని వెళ్లాను. ఒక గెడ్డ దగ్గర నీరు చక్రాల సగానికి పైన ఉంది. మెల్లగా, ఆగకుండా దాటాను, ఇంజిను ఆగలేదు, నేను లోలోపల గర్వపడ్డాను కూడా. నెలన్నర తరువాత వెనక హౌసింగు నుంచి సన్నగా ఊళ మొదలైంది. నూనె బోల్టు విప్పితే పాలు ఎక్కువైన టీలాంటి ద్రవం కారింది. ఎంతో దూరం నడిచి వేడెక్కిన హౌసింగు చన్నీళ్లలో మునగగానే లోపలి గాలి ముడుచుకుని, గాలి ఆడే చిన్న రంధ్రమైన బ్రీదరు గుండా నీళ్లను పీల్చుకున్నది. బేరింగులు, క్రౌను, పినియను పళ్లచక్రాలు అన్నీ పోయాయి. ఇంజిను లోపలికి నీరు పోకుండా కాపాడుకున్నానని సంబరపడుతూ, వెనక హౌసింగుకు తుప్పు పట్టిస్తూ తిరిగానన్నమాట.

అందుకని స్నార్కెలు కంటే ముందు, రెండు హౌసింగులకు, గేరుబాక్సుకు, ముందు చక్రాలకూ నడక పంచే ట్రాన్స్‌ఫర్ కేసుకు బ్రీదర్ల దగ్గర సన్నటి రబ్బరు గొట్టాలు తగిలించి, బానెట్ కింద ఎత్తుగా కట్టేద్దాం. ఒక పూట పని, ఖర్చు లెక్కలోకి రాదు. స్నార్కెలు తరువాత చూద్దాం. దాని ప్రతి అతుకూ, ఎయిర్ ఫిల్టరు డబ్బా మూతతో సహా, గాలి చొరనంత బిగువుగా ఉంటేనే దానికి అర్థం, లేకపోతే అది బానెట్ పక్కన అలంకారం. నీటి మధ్యలో ఇంజిను ఆగితే తాళం తిప్పవద్దు. సిలిండరులోకి చేరిన నీరు గాలిలా నలగదు, పిస్టను దానిని గుద్దుకుంటే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. దాటే ముందు కర్ర పట్టుకుని మనిషి నడవాలి, మనిషి నిలబడలేని ప్రవాహంలో బండి కూడా నిలబడదు.

ఇనుప గార్డు పెట్టేది లేదు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ అవి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని రాష్ట్రాలకు వ్రాసింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చరాదని చెప్పింది. అదే ఏడు సవరించిన చట్టం ప్రకారం యజమానికి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. నీ జాబితాలోని మార్పులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి చూడు. టైర్ల కొలత విషయం కూడా కొనక ముందే ఫిట్‌నెస్ అధికారిని, బీమా వాళ్లను అడుగుతాను. క్యాబిన్ మీది లైట్లు ఘాట్‌లో ఎదుటివాడి కళ్లు పొడవడానికి తప్ప పనికిరావు.

కరెంటు వించి పూర్తి బరువు లాగేటప్పుడు 300 ఆంపియర్లకు పైగా తాగుతుంది. మన పాత డైనమో, బ్యాటరీ దానిని ఎంతసేపు మోస్తాయో నీవే లెక్క కట్టు. చేతితో తిప్పే చైను పుల్లీ, చెట్టు బెరడు కోసుకుపోకుండా వెడల్పాటి నైలాను పట్టీ, ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన రెండు మంచి కొక్కేలు చాలు. బంపరుకు తాడు కట్టి లాగవద్దు. లాగే తాడు మీద తడి గోనెసంచి వేసి ఉంచితే, తెగినప్పుడు అది మనుషుల మీదికి అంత ఊపుతో ఎగరదు.

ఇంట్లో పని అంటున్నావు కాబట్టి ఇంకొకటి. నా ఎడమ చిటికెన వేలు ఎందుకు వంకరో నీవు చిన్నప్పుడు అడిగితే గేదె తొక్కిందని చెప్పాను. తొక్కింది గేదె కాదు. ఇటుకల మీద జాకీ పెట్టి చక్రం విప్పాను, ఇటుక పగిలింది, డ్రమ్ము చేతి మీద పడింది. నా తల దాని కింద లేకపోవడం అమ్మ చేసుకున్న పుణ్యం. ఈ మాట అమ్మకు ఇప్పటికీ తెలియదు, నీ దగ్గరే ఉంచుకో. రెండు జతల ఇనుప స్టాండులు కొన్నాను. జాకీ లేపడానికే, మోయడానికి స్టాండు. వెల్డింగు పెట్టేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీగ తీసి పక్కన పెట్టాలి.

జీడి ముగిసేది మే నెల నడిమికి. ఆ తరువాత బండి నీది. జూన్‌లో వానలు దిగేలోపు మూడు వారాలు చేతిలో ఉంటాయి. మొదటి వారం బ్రేకులకే: నాలుగు చక్రాల బ్రేకులు విప్పి, లైనర్లు, సిలిండర్లు, గొట్టాలు కొత్తవి వేసి, వాలు మీద ఆపి చూసుకున్నాకే కమాన్ల జోలికి వెళ్దాం. మహేంద్రగిరికి ఆ తరువాత వెళ్దాం, 1,501 మీటర్ల ఆ కొండ ఎక్కడికీ పోదు.

వచ్చేటప్పుడు రూర్కెలాలో బోల్టు బిగువు కొలిచే మంచి టార్కు రెంచి దొరికితే తీసుకురా, ఇక్కడ దొరికేవి నాకు నమ్మకం కలిగించడం లేదు. యూ బోల్టుల కొలతలు వెనక కాగితం మీద వ్రాశాను, మరలు ఎంత పొడుగు ఉండాలో నీవు ఒకసారి సరిచూడు. వెనక హౌసింగు బ్రీదరును నేను ఇంకా ముట్టుకోలేదు. అది నీవు విప్పవలసినది.

ఇట్లు,
మీ నాన్న