పంపిన పాట చేరదు, పంపనిది అందరికీ తెలుస్తుంది

సంపాదకులకు నమస్కారం.

కిందటి వారం మీ పత్రికలో సంగీతం యాప్‌లలో వచ్చిన కొత్త సదుపాయాల గురించి అర పేజీ వ్యాసం వేశారు. పాటలు పంచుకోవడం ఇంత సులువుగా మునుపెన్నడూ లేదని అందులో రాశారు. ఆ రోజే జవాబు రాద్దామని కూర్చుని, కోపం మీద రాయకూడదని ఆగాను. వారం గడిచినా కోపం తగ్గలేదు.

పంచుకోవడం అంటే ఏమిటండీ? నాకు నచ్చిన పాటను నేనే ఎంచి, నేను అనుకున్న మనిషికి ఇవ్వడం. ఈ యాప్‌లలో అది పూర్తిగా తిరగబడింది. నేను ఇవ్వాలనుకున్న పాట అవతలివాళ్లకు చేరదు. ఎవరికీ చెప్పకుండా నా మటుకు నేను విన్నది మాత్రం నా పేరుతో సహా నలుగురికీ కనిపిస్తుంది.

మా అన్నయ్యకు అరవై ఐదేళ్లు. చిన్నప్పుడు మేమిద్దరం రేడియోలో విన్న పాట ఒకటి మొన్నామధ్య దొరికితే, ఉండబట్టలేక వెంటనే లింక్ పంపాను. నొక్కితే పాట రాలేదు, యాప్ వేసుకోమంది. వేసుకున్నాక ఈమెయిల్ అడిగింది, పాస్‌వర్డ్ పెట్టమంది, పుట్టిన తేదీ చెప్పమంది, ఫోన్‌లోని కాంటాక్టులు చూడనిమ్మంది, ఇష్టమైన గాయకులను ఎంచుకోమంది. ఇంత చేస్తే తెరుచుకున్నది యాప్ మొదటి పేజీ. “నువ్వు పంపిన పాట ఎక్కడుందే?” అని ఫోన్ చేశాడు. చివరికి పాట ఇంకో ఫోన్‌లో పెట్టి, నా ఫోన్ దాని దగ్గర పట్టుకుని వినిపించాను. ఒకప్పుడు ఇదే అన్నయ్య నాకు క్యాసెట్లు రికార్డు చేసి పంపేవాడు. అట్ట లోపల పెన్సిల్‌తో “రెండో వైపు మూడోది ముందు విను” అని రాసేవాడు. ఆ క్యాసెట్ ఎవరింట్లో ఏ టేప్ రికార్డర్‌లో పెట్టినా పాడేది. నీ దగ్గరున్నది ఏ కంపెనీది అని అడిగేది కాదు.

ఒక యాప్ నుంచి పంపిన పాట అవతలివాళ్ల దగ్గరున్న ఇంకో యాప్‌లో తెరుచుకోవడం సాధ్యం కాని పనేమీ కాదు. రికార్డింగులకు ఐఎస్‌ఆర్‌సీ అనే అంతర్జాతీయ గుర్తింపు కోడ్ ఉంది. అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం 12. ఒక యాప్‌లో ఉన్న పాట ఇంకో యాప్‌లో ఎక్కడుందో వెతికి పట్టుకోవడానికి ఆ కోడ్ పనికొస్తుంది. బయటివాళ్లు ఆ పని చేసి పెడుతున్న సైట్లు కూడా ఉన్నాయి. కానీ కంపెనీలు లింకును పాట చేరవేయడానికి కాక కొత్త అకౌంట్లు రాబట్టుకోవడానికి వాడుకుంటున్నాయి. మా అన్నయ్యకు పాట కావాలి, వాళ్లకు మా అన్నయ్య కావాలి.

ఆ తర్వాత రెండు నెలలకు అన్నయ్యకు గుండె ఆపరేషన్ జరిగింది. ఆ రాత్రి ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అదే పాట మళ్లీ మళ్లీ విన్నాను. ఇంకేదీ వినబుద్ధి కాలేదు. ఆపరేషన్ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, సెలవు మాత్రం అడిగాను. రెండు రోజుల తర్వాత వెళ్తే, నాతో సరిగా పరిచయం కూడా లేని ఒక అబ్బాయి దగ్గరికొచ్చి, “మేడం, మొన్న రాత్రి మూడింటిదాకా ఆ ఒక్క పాటే విన్నారు, ఏమైనా టెన్షన్‌లో ఉన్నారా?” అన్నాడు. పాపం, మంచి మనసుతోనే అడిగాడు. నాకు మాత్రం ఒళ్లంతా చల్లబడింది. ఆ రాత్రి ఆ కుర్చీలో నా పక్కన ఎవరూ లేరనుకున్నాను.

ఇంటికొచ్చి వెతికితే, సెట్టింగ్స్‌లో నాలుగు పేజీల అవతల, నేను ఏం వింటున్నానో ఇతరులకు చూపించే స్విచ్ ఆన్‌లో ఉంది. నేనెన్నడూ దాన్ని ముట్టుకోలేదు. నేను చేసిన ప్లేలిస్టులన్నీ కూడా అందరికీ కనిపించేలా ఉన్నాయి. ఎవరికీ కనబడకుండా వినే పద్ధతి ఒకటి ఉందట, కానీ కొన్ని గంటలు యాప్ వాడకపోతే అది దానంతటదే ఆగిపోతుందట. చూపించడం ఒకసారి ఆన్ అయితే ఎప్పటికీ ఆన్‌లోనే ఉంటుంది, దాచుకోవడానికి మాత్రం గడువు పెట్టారు.

మీ వ్యాసంలో ఇవన్నీ కొత్తవని రాశారు. ఏవీ కొత్తవి కావు. 2002లో మొదలైన లాస్ట్‌ఎఫ్‌ఎం అనే సంగీతం వెబ్‌సైట్‌లో మనుషులు తాము వింటున్నవి నలుగురికీ చూపించుకున్నారు. కానీ అక్కడ చేరినవాళ్లు అందుకోసమే చేరారు, అంతా తెలిసే చేరారు. అదీ తేడా. 2011 సెప్టెంబరులో పాటల యాప్ స్పాటిఫై ఫేస్‌బుక్‌తో కలిసి, వింటున్న ప్రతి పాటా స్నేహితులకు కనిపించే ఏర్పాటు చేసింది. కొత్తగా చేరేవాళ్లకు ఫేస్‌బుక్ అకౌంట్ తప్పనిసరి చేసింది. జనం గొడవ చేస్తే కొద్ది రోజుల్లోనే ప్రైవేటుగా వినే వీలు పెట్టారు. అంటే ముందే పెట్టగలిగిన దాన్ని తిట్లు తిన్నాక పెట్టారు.

పోనీ, ఆ సదుపాయాలైనా నిలుస్తాయా? ఆపిల్ కంపెనీ 2010లో తన పాటల సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్‌లో, పాటల గురించి స్నేహితులతో మాట్లాడుకునే పింగ్ అనేది పెట్టి 2012లో మూసేసింది. 2015లో గాయకులు అభిమానులతో మాట్లాడే కనెక్ట్ అని ఇంకొకటి పెట్టింది, దాన్నీ మూసేస్తున్నామని 2018 డిసెంబరులో చెప్పింది. స్పాటిఫైలో ఒకరికొకరు సందేశాలు పంపుకునే వీలు ఉండేది, 2017లో తీసేశారు. 2025లో మళ్లీ తెచ్చి కొత్త సదుపాయం అన్నారు. జనం వాటిలో రాసుకున్న మాటలకు విలువ లేదా? మా అన్నయ్య పెన్సిల్‌తో రాసిన అట్ట నా బీరువాలో ఇప్పటికీ ఉంది.

యాప్ వాళ్లకు ఫిర్యాదు రాస్తే, మీ అభిప్రాయం మాకు విలువైనదని ఒకే జవాబు మూడుసార్లు వచ్చింది. దాన్ని మనిషి చదివిన జాడ లేదు. ప్రభుత్వ అధికారులకు రాస్తే, ముందు కంపెనీతో తేల్చుకోండి అన్నారు. ఎక్కడ చూసినా ఇదే వరస. నిబంధనలు నలభై పేజీలుంటాయి, నెత్తీనోరూ బాదుకున్నా వినే మనిషి ఒక్కడుండడు. ఐరోపాలో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న, మనుషుల సొంత వివరాలను కాపాడే జీడీపీఆర్ చట్టం 25వ అధికరణం, మనిషి తనంతట తాను పూనుకుంటే తప్ప అతని వివరాలు వాటంతటవే ఎందరికంటే అందరికి అందుబాటులో ఉండకూడదని చెబుతోంది. ఎవరు మంచిగా ఆలోచించి రాశారో గానీ సరిగ్గా రాశారు. ఆ ఒక్క వాక్యం ప్రతి దేశంలోనూ చట్టం కావాలి. అమలు చేసే అధికారులు కూడా కావాలి.

మీ మీద కూడా నాకు కష్టంగా ఉంది. ఒకప్పుడు పత్రికలో ఒక వస్తువు గురించి రాస్తే, వాడి చూసి, లోపాలు కూడా రాసేవాళ్లు. మీ వ్యాసంలో ఒక్క లోపం కూడా లేదు. కంపెనీ పంపిన కాగితం అచ్చేసినట్టుంది. స్విచ్‌ల మాటే ఎత్తలేదు. ముప్పై ఏళ్లుగా మీ పత్రిక చదువుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను.

అన్నయ్య ఇప్పుడు కులాసాగా ఉన్నాడు, నడుస్తున్నాడు. ఆ పాట చివరికి మెమరీ కార్డులో వేసి ఇచ్చాను, రోజూ పొద్దున వింటున్నాడట. మీరు చేయాల్సింది ఒక్కటే. ఆ వ్యాసం ఏ పేజీలో వేశారో అదే పేజీలో, అంత పెద్దగానే, వినే పాటలు ఇతరులకు కనబడకుండా ఏ స్విచ్ ఎక్కడ ఆపాలో బొమ్మలతో సహా వేయండి. మీ వ్యాసం చదివి ఆ యాప్‌లు వేసుకున్నవాళ్లు ఈ రాత్రి కూడా పాటలు వింటారు.

— ఒక పాఠకురాలు