నొప్పి మందు ఆపేటప్పుడూ రోగిని అడగాలి

సంపాదకులకు,

ఆపరేషన్‌కు ముందు రోగి చేత సంతకం పెట్టించుకోని ఆస్పత్రి ఉండదు. అదే రోగి ఏళ్ల తరబడి వాడుతున్న నొప్పి మందును సగానికి తగ్గించేటప్పుడు సంతకం సంగతి అటుంచి, ముందుగా ఒక మాట చెప్పడం కూడా చాలాచోట్ల జరగదు. మందుల కౌంటర్ దగ్గర చీటీ ఇచ్చాక గాని విషయం తెలియదు. దీర్ఘకాలిక నొప్పి చికిత్సలో రోగి నిర్ణయాధికారం గురించి మాట్లాడేవారు సాధారణంగా మందు మొదలుపెట్టే రోజు గురించే ఆలోచిస్తారు. చిక్కంతా మార్చే రోజున, ఆపే రోజున వస్తుంది.

మూడు నెలలు దాటి కొనసాగే నొప్పిని దీర్ఘకాలికం అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో దీనికి సొంత స్థానం దక్కింది. వేరే జబ్బుకు గుర్తుగానే కాక, కొందరిలో నొప్పే జబ్బు కావచ్చని ఒప్పుకున్నట్టయింది. బీపీకి యంత్రం ఉంది, షుగర్‌కు రక్తపరీక్ష ఉంది. నొప్పిని కొలిచే పరీక్ష లేదు. వెన్ను స్కానింగ్‌లో డిస్కు ఉబ్బినట్టు కనిపించినా ఏ బాధా లేనివాళ్లున్నారు. స్కానింగ్‌లో ఏమీ కనిపించకపోయినా కూర్చోలేనివాళ్లూ ఉన్నారు. మందు పనిచేస్తోందో లేదో రోగి చెబితేనే తెలుస్తుంది. ఆ సమాచారం ఇంకెక్కడా దొరకదు.

రోగిని అడగాలంటే ముందు ఆయనకు లెక్కలు తెలియాలి. నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్‌ను మామూలుగా రాత్రిపూట 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. ప్రీగాబాలిన్ అయితే రోజుకు 150 నుంచి 600 మిల్లీగ్రాముల దాకా వెళ్తుంది, మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి తగ్గించాలి. ప్రయోగాల్లో ఉత్తుత్తి మాత్ర వల్ల కలిగే మేలును తీసేసి చూస్తే, నొప్పి కనీసం సగం తగ్గేది అమిట్రిప్టిలిన్ వాడిన నలుగురైదుగురిలో ఒకరికి, ప్రీగాబాలిన్ వాడిన ఏడెనిమిది మందిలో ఒకరికి. ఈ మాట చెబితే రోగి నిరుత్సాహపడతాడని దాచేవాళ్లున్నారు. దాచిన ఫలితం ఏమిటంటే, మందు పనిచేయని ఆ మిగతావాళ్లంతా లోపం తమ ఒంట్లోనే ఉందనుకుంటారు. లేదా డోసు చాలలేదనుకుని పెంచుకుంటూ పోతారు.

మందు ఒకటే అయినా నిర్ణయం ఒకటే కానక్కర్లేదు. అమిట్రిప్టిలిన్ తెచ్చే మత్తు రాత్రంతా నిద్ర లేనివారికి వరమవుతుంది, తెల్లవారుజామున బండి నడపాల్సినవారికి ప్రమాదమవుతుంది. ప్రీగాబాలిన్‌తో బరువు పెరగడం ఒకరికి పట్టించుకోనక్కర్లేని విషయం, మోకాళ్లు అరిగినవారికి రెండో నొప్పి. బ్రిటన్ సుప్రీంకోర్టు 2015లో మాంట్‌గోమరీ కేసులో తేల్చింది కూడా ఇదే: ఏ ముప్పు చెప్పాలో డాక్టర్ల ఆనవాయితీని బట్టి కాక, ఆ రోగి స్థితిలో ఉన్న మనిషికి ఏది ముఖ్యమో దాన్ని బట్టి నిర్ణయించాలి.

అందుకే మొదటి చీటీ రాసేటప్పుడే కొన్ని విషయాలు కాగితం మీద పెట్టాలి. లక్ష్యం ఏమిటి? ‘నొప్పి పోవాలి’ అన్నది లక్ష్యం కాదు. ‘అరగంట ఆగకుండా నిలబడగలగాలి’ అన్నది లక్ష్యం. ఎన్ని వారాలు చూద్దాం? ఈ రకం మందులకు తట్టుకోగల డోసు చేరాక కొన్ని వారాలైనా పడుతుంది. సున్నా నుంచి పది దాకా ఉన్న కొలతలో దాదాపు మూడో వంతు తగ్గితే చెప్పుకోదగ్గ మేలు కిందే లెక్క. అంత కూడా తగ్గకపోతే ఎలా ఆపాలి? ఇది ముందే రాసుకుంటే ఆపే రోజున ఎవరూ ఎవరినీ శిక్షిస్తున్నట్టు ఉండదు.

ఇక మార్ఫిన్ జాతి మందులు. అమెరికాలో వ్యాధి నియంత్రణ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 90 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కు సమానమైన డోసు దాకా పెంచకుండా చూడాలని, పెంచితే తగిన కారణం ఉండాలని ఉంది. అదే జాతికి చెందిన ఆక్సికోడోన్‌లో అది 60 మిల్లీగ్రాములు. కొత్తగా మందు మొదలుపెట్టే డాక్టర్లకు ఇచ్చిన సూచన అది. చాలామంది దాన్ని గీత అనుకుని, ఏళ్లుగా అంతకు మించి వాడుతున్నవారికి ఒక్కసారిగా కోత పెట్టారు. మందు హఠాత్తుగా ఆపితే తీవ్రమైన బాధ, మానసిక క్షోభ, ఆత్మహత్య దాకా వెళ్లవచ్చని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ 2019 ఏప్రిల్‌లో హెచ్చరించాల్సి వచ్చింది. 2022లో మార్గదర్శకాలను సవరించి, ఏడాదికి పైగా వాడుతున్నవారికి నెలకు 10 శాతం, లేదా ఇంకా నెమ్మదిగా తగ్గించమన్నారు.

చెప్పినంత తేలిక కాదు ఈ 10 శాతం. రోజుకు 60 మిల్లీగ్రాముల మార్ఫిన్ వాడేవారికి మొదటి మెట్టు 54. ఆ కొలతలో ట్యాబ్లెట్ ఉండదు. నెమ్మదిగా కరిగే రకాన్ని విరిచినా నూరినా మందంతా ఒకేసారి రక్తంలోకి వస్తుంది, ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుంది. కాబట్టి తక్కువ డోసు ట్యాబ్లెట్లకు గానీ ద్రవరూపంలోని మార్ఫిన్‌కు గానీ మారి మెట్లు వేసుకోవాలి. ఒక్కో మెట్టు దిగాక ఆవలింతలు, ముక్కు కారడం, చెమటలు, విరేచనాలు, నిద్రలేమి రావచ్చు, పాత నొప్పి కొన్నాళ్లు ఎక్కువవుతుంది. శరీరం మందుకు అలవాటుపడితే ఎవరికైనా ఇవి వస్తాయి. వీటిని చూసి వ్యసనపరుడని ముద్ర వేయడం తప్పు. మరుసటి మెట్టు ఎప్పుడో రోగి చెప్పాలి, అవసరమైతే నెలో రెండు నెలలో ఆగాలి. ఒక హెచ్చరిక మాత్రం తప్పనిసరి: కొన్ని వారాలు తగ్గించాక తట్టుకోలేక పాత డోసు ఒకేసారి వేసుకుంటే అదే ప్రాణాంతకం కావచ్చు. శరీరం ఆ డోసును తట్టుకునే శక్తి అప్పటికే పోగొట్టుకుని ఉంటుంది.

రాసిన మందు రోగి వాడుతున్నాడో లేదో చూసే మూత్రపరీక్షల పేరుతో జరిగే అన్యాయం ఇంకొకటి. మామూలు స్ట్రిప్ పరీక్ష మార్ఫిన్‌ను, కోడీన్‌ను పట్టుకుంటుంది. అదే జాతి మందులైన ఫెంటనిల్‌ను, మెథడోన్‌ను పట్టుకోదు, వాటికి విడిగా పరీక్షలు కావాలి. ఫెంటనిల్ ప్యాచ్ క్రమం తప్పకుండా అంటించుకుంటున్న మనిషికి ‘ఏమీ లేదు’ అని ఫలితం వస్తే, మందు అమ్ముకుంటున్నాడని చికిత్స ఆపేయడం ఎంత ఘోరం! ఏ మందు ఉందో కచ్చితంగా గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ అనే ల్యాబ్ పరీక్షతో నిర్ధారించకుండా ఆ ఫలితం మీద ఏ నిర్ణయమూ తీసుకోకూడదు.

అడిగిన మందల్లా ఇవ్వాలని దీని అర్థం కాదు. గురక జబ్బుతో నిద్రలో ఊపిరి ఆగేవారికి, నిద్రమాత్రలు కలిపి వాడుతున్నవారికి మార్ఫిన్ రాయనని డాక్టర్ అనవచ్చు, అనాలి కూడా. రోగి మత్తుగా తూలుతూ, శ్వాస మందగిస్తుంటే నెలకు 10 శాతం అని కూర్చోవడానికి వీల్లేదు. అయితే కాదన్న డాక్టరు కారణం చెప్పాలి, వేరే దారి చూపాలి. ఒక మందు నిరాకరించడానికీ రోగిని వదిలించుకోవడానికీ చాలా తేడా ఉంది. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో ఆ తేడాను బాగానే పాటించింది: వేరే కారణం కనిపించని దీర్ఘకాలిక నొప్పికి ఈ మందులు కొత్తగా మొదలుపెట్టవద్దంది, కానీ ఇప్పటికే వాడుతూ మేలు పొందుతున్నవారి విషయంలో, డోసు సురక్షితంగా ఉండి హాని పెద్దగా లేకపోతే, రోగితో కలిసి ప్రణాళిక వేసుకుని కొనసాగించవచ్చంది.

వద్దనే హక్కు కూడా ఇందులో భాగమే. వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వద్దన్నందుకో, వెన్నుపాము దగ్గర అమర్చే కరెంటు పరికరాన్ని కొన్ని రోజుల ప్రయోగం తర్వాత కాదన్నందుకో ‘సహకరించని రోగి’ అని కేసు షీటులో రాసేస్తారు. ఆ మాట తర్వాతి డాక్టరు దగ్గరికీ వెళ్తుంది.

ఆస్పత్రులు చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. డోసు తగ్గించిన ప్రతిసారీ కారణంతో పాటు రోగి ఏమన్నాడో రాయాలి. తగ్గింపు మెట్ల పట్టిక ఒక ప్రతి రోగి చేతికి ఇవ్వాలి. రోగి ఒప్పుకోకపోతే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకునేదాకా ఉన్న డోసు కొనసాగించాలి, తక్షణ ప్రమాదం ఉంటే తప్ప. చూసే డాక్టరు బదిలీ అయినా, సెలవులో ఉన్నా, మందు అయిపోయేలోపు చీటీ తిరగరాసే బాధ్యత ఎవరిదో ఆ విభాగంలో పేరుతో సహా రాసి పెట్టాలి.

— ఒక ఫార్మసిస్టు