మేకర్‌స్పేస్ విశాఖలో ఉంటే పలాసకు ఏం లాభం?

సంపాదకుడి గారికి,

కొత్త ఆలోచనలున్నవాళ్లకు చేయూతనిచ్చే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ 2025 ఆగస్టులో మంగళగిరిలో మొదలైంది. విశాఖతో కలిపి ఐదు నగరాల్లో దానికి శాఖలు పెట్టారు. సంతోషమే. కానీ పలాసలో వెల్డింగ్ షాపు నడిపే కుర్రాడు ఒక నమూనా చేసి చూసుకోవడానికి విశాఖ దాకా వెళ్తే ఆ రోజు సంపాదన పోయినట్టే. రెండోసారి వెళ్లడు. ఎవరైనా వచ్చి, అక్కడున్న మిషన్ల మీద తమ నమూనా తామే చేసుకునే చోటు, అంటే మేకర్‌స్పేస్ ఒకటి శ్రీకాకుళం జిల్లాలోనే ఉండాలి.

కొత్త వస్తువు చేయాలనుకునేవాళ్లు చాలామంది మొదటి నమూనా దగ్గరే ఆగిపోతారు. ప్లాస్టిక్ భాగానికి అచ్చు చేయించాలంటే లక్షల్లోకి పోతుంది. కొలత కాస్త తప్పితే ఆ అచ్చు పాత ఇనుము కిందే లెక్క. అదే చిన్న భాగాన్ని, కంప్యూటర్‌లోని డిజైన్ ప్రకారం ప్లాస్టిక్‌ను పొరలు పొరలుగా పేర్చే త్రీడీ ప్రింటర్ మీద తీస్తే వందల్లో అయిపోతుంది. తేడా వస్తే కంప్యూటర్‌లో డిజైన్ సరిదిద్ది మళ్లీ తీయొచ్చు. ప్రింటరూ, లేజర్ కటరూ సొంతంగా కొనుక్కోమంటే ఎవరివల్ల అవుతుంది? గంటకింతని కట్టించుకుని వాడుకోనిస్తే అప్పుల పాలవకుండా నాలుగుసార్లు తప్పు చేసి నేర్చుకుంటారు. నన్నడిగితే బ్యాంకు లోను కన్నా ముందు కావలసింది ఇదే.

మనకు చేయాల్సిన పనులకు కొదవ లేదు. పలాసలో జీడిపిక్కలు కోసే ఆడవాళ్ల చేతులు పెంకులోని నూనె తగిలి కాలుతుంటాయి. చిన్న యూనిట్లకు సరిపోయే చవకైన కోత మిషను, చెయ్యి జారని తొడుగు లాంటివి ఆ పని చేసే మనిషి పక్కనే ఉండి "ఇక్కడ పట్టేస్తోంది బాబూ" అని చెబుతుంటేనే కుదురుతాయి. ఇంజనీరింగ్ పిల్లలూ, లేత్ పనివాళ్లూ, ఆ కార్మికులూ ఒకే బల్ల దగ్గర కలిసే చోటు ఇప్పుడు జిల్లాలో ఏదీ? బుడితి కంచు పనివారికీ కొత్త నమూనాలు చేసుకునే వీలుంటుంది. పొందూరు ఖద్దరు జోలికి మాత్రం ఎవరూ పోవద్దు. వాలుగ చేప దవడతో పత్తి ఏకడంలోనే దాని విలువ ఉంది.

హైదరాబాద్‌లో నమూనాలు చేసుకునే పెద్ద కేంద్రం టీ-వర్క్స్‌లా 78 వేల చదరపు అడుగుల భవనం మనకు అక్కర్లేదు. పుణె దగ్గర పాబళ్ అనే పల్లెలో, విజ్ఞాన్ ఆశ్రమంలో 2002లోనే ఫ్యాబ్ ల్యాబ్ అనే ఇలాంటి వర్క్‌షాపు పెట్టారు. ఇప్పుడున్నవి చాలవా అంటారేమో, బడుల్లోని అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు పిల్లల కోసం. కాలేజీల మిషన్లు విద్యార్థుల కోసం. చదువు ఆపేసినవాళ్లకే ఎక్కడా చోటు లేదు.

ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో రెండు గదులు ఇస్తే మొదలుపెట్టడానికి చాలు. పగలు పనికి పోయేవాళ్లు వస్తారు కాబట్టి రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంచాలి. డిగ్రీ అడగకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మిషన్లు కొనేముందే ఒక మంచి టెక్నీషియన్‌కు మూడేళ్ల జీతం పక్కన పెట్టాలి. లేకపోతే రిబ్బన్ కత్తిరించిన నెలకే ప్రింటర్ మీద గుడ్డ కప్పేస్తారు. జిల్లా కలెక్టర్ గారు ఈ విషయం పరిశీలించాలని మనవి.

– ఒక విశ్రాంత ఐటీఐ బోధకుడు, శ్రీకాకుళం