ఉరికే అక్షరం, నీ జిమ్ బోర్డు

హన్మకొండ,
ఆదివారం రాత్రి

దోస్తూ,

నువ్వు పంపిన బోర్డు నమూనా చూశాను. ఆ అక్షరం మీద మనసు పడ్డావని తెలుస్తూనే ఉంది. బోల్డ్ కండెన్స్‌డ్ ఇటాలిక్ అంటారు దాన్ని, అంటే లావుగా, ఇరుగ్గా, పక్కకు వాలి ఉండే అక్షరం. మా షాపులో పిల్లలు మాత్రం 'ఉరికే అక్షరం' అంటారు. పెట్టుకో అనో వద్దు అనో ఒక్క ముక్కలో చెప్పొచ్చు, కానీ కారణం చెప్పందే నువ్వు వినవు కదా.

అక్షరం ఇరుకైతే అదే వెడల్పులో ఇంకా ఎత్తుగా పెట్టొచ్చు. కబడ్డీ జెర్సీ వీపు మీద వెంకటేశ్వర్లు అని ఇంగ్లిషులో వేయాలంటే 14 అక్షరాలు. మామూలు అక్షరమైతే చంకల దాకా పోతుంది, లేదా చీమ తలంత అవుతుంది. ఇదైతే గ్రౌండు అవతలి నుంచి కూడా చదవొచ్చు. ఆ వాలు వల్ల మనిషి నిలబడి ఉన్నా పేరు మాత్రం కూతకు పోతున్నట్టే ఉంటుంది.

ఇటాలిక్ పుట్టినప్పుడు దానికి ఈ కండలు లేవులే. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ చేతిలో పట్టే చిన్న పుస్తకాలను ఆ అక్షరాలతో అచ్చేశాడు. వాటిని చెక్కింది ఫ్రాన్చెస్కో గ్రిఫో, అప్పటి చేతిరాతను చూసి, సన్నగా, నాజూగ్గా. మనవాడు జిమ్‌కు పోయింది ఆ తర్వాతే.

చిక్కల్లా తెలుగుతో. మన అక్షరాలు గుండ్రటివి, పైన తలకట్టు, కింద ఒత్తు. మేం డిజైన్ చేసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో పక్కల నుంచి నొక్కావనుకో, సున్న కోడిగుడ్డులా అవుతుంది. పక్క గీతలు సన్నబడతాయి, పైనా కిందా లావు అట్లాగే ఉంటుంది. దాన్ని వాల్చితే ఒత్తు పక్కింట్లోకి జారుతుంది.

నేనే చేశాను ఆ తప్పు. పోయినేడు కబడ్డీ పోటీల ఫ్లెక్సీకి 'ప్రథమ బహుమతి' అని లావుగా నొక్కి వాల్చాను. 'థ' కడుపులో చుక్క గోడకు అతుక్కుపోయి 'ప్రధమ' అయి కూర్చుంది. ఓ రిటైర్డ్ తెలుగు సారు ఫోన్ చేసి అరగంట పాఠం చెప్పారు. అది ఫాంటు తప్పు సార్ అంటే వింటారా! మళ్లీ ప్రింటు నా ఖర్చుతోనే.

ఇంకొకాయన శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఇదే అక్షరం అడిగాడు. "పెద్దమనిషి పోయిండన్నా, ఇప్పుడు ఉరుకుడెందుకు?" అన్నాను. ముందు మొహం చిట్లించి, తర్వాత ఆయనే నవ్వాడు. నిలువు అక్షరాలతో కొట్టించుకుపోయాడు.

నీ బోర్డుకైతే జిమ్ పేరు ఇంగ్లిషులో ఆ ఉరికే అక్షరంతోనే పెట్టు, అన్నీ క్యాపిటల్స్. కింద తెలుగు లైను మాత్రం వాల్చకు. ఫాంట్లు గీసే ఏక్ టైప్ వాళ్ల 'అనేక్ తెలుగు' అనే ఫాంటు ఉచితంగా దొరుకుతుంది, లావూ వెడల్పూ కావలసినట్టు మార్చుకోవచ్చు. ఇరుకు రూపాన్ని వాళ్లే గీశారు కాబట్టి గీత చెడదు. ఫోన్ నంబరుకు మాత్రం ఈ లావు, ఈ వాలు రెండూ వద్దు. బండి మీద పోయేవాడికి 3, 8 ఒకటే అయిపోతాయి.

బోర్డు కొలతలు అడుగుల్లో పంపు. ముందర కరెంటు స్తంభం ఉంటే అది ఏ పక్కన ఉందో కూడా రాయి, పేరు సగం దాని వెనక పోతే మళ్లీ నన్నే తిడతావు.

నీ దోస్తు