రిపోర్టును సాఫ్ట్‌వేర్‌కు వదిలేయొద్దు

సంపాదకులకు,

నల్లగొండలోని ఒక డిగ్రీ కళాశాలలో ఫ్లోరైడ్ సమస్యపై ఒక విద్యార్థిని ఇంగ్లీషులో రాసిన ప్రాజెక్టు రిపోర్టును, అది చాట్‌బాట్ రాతేనని ఏదో సాఫ్ట్‌వేర్ తేల్చిందన్న ఒక్క కారణంతో తిరస్కరించారు. మర్రిగూడలో ఇంటింటికీ తిరిగి ఆమె బోరునీళ్ల వివరాలు రాసుకున్న నోటుబుక్కును ఎవరూ తెరిచి చూడలేదు. చాట్‌జీపీటీని తెచ్చిన ఓపెన్‌ఏఐ సంస్థే, కచ్చితత్వం చాలదంటూ, చాట్‌బాట్ రాతను పట్టే తన గుర్తింపు సాధనాన్ని 2023 జూలైలో ఉపసంహరించుకుంది. ఇంగ్లీషు మాతృభాష కానివారి రాతను ఇలాంటి సాధనాలు ఎక్కువగా చాట్‌బాట్ రాతగా పొరబడతాయని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అదే ఏడాది చూపారు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చే మన పిల్లలకు ఇది మరీ అన్యాయం. కాపీ కొట్టేవారు లేరని కాదు. మహాత్మాగాంధీ, పాలమూరు విశ్వవిద్యాలయాలు అనుమానం వచ్చిన ప్రతి రిపోర్టుపైనా, మార్కులు కోసే ముందు, విద్యార్థిని ఎదుట కూర్చోబెట్టి ప్రశ్నలడగాలన్న నిబంధన పెట్టాలి.

— ఒక విశ్రాంత అధ్యాపకుడు, నల్లగొండ