బయల్దేరే ముందే ఒక పేరు రాసివ్వు

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు.

శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాలు దగ్గర మొదలుపెట్టి న్యూయార్క్ సిటీ హాలు దాకా పరుగెత్తి మహిళల రికార్డును దాటాలని నిశ్చయించుకున్నట్టు నువ్వు ఫోనులో చెప్పిన రోజున నేను సరిగ్గా మాట్లాడలేదు. "ఆలోచిద్దాం" అని ఫోను మీ అమ్మ చేతికిచ్చేశాను. అది జవాబు కాదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ మూడు వారాలుగా చదివినదీ, కాగితం మీద లెక్కలు వేసుకున్నదీ ఇప్పుడు రాస్తున్నాను. వద్దని చెప్పడానికి కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగతా ఉత్తరం నువ్వు స్థిమితంగా చదువుతావు.

ముందు లెక్క చూద్దాం. 2023లో జెన్నీ హాఫ్‌మన్ నెలకొల్పిన 47 రోజుల 12 గంటల 35 నిమిషాల సమయాన్ని నువ్వు దాటాలి. దూరం సుమారు 4,900 కిలోమీటర్లు అనుకుంటే, 47 రోజుల్లో ముగించడానికి రోజుకు 104 కిలోమీటర్లు పడుతుంది, అంటే ప్రతిరోజూ దాదాపు రెండున్నర మారథాన్లు. ఎత్తుల్లో నడకతో కలిపి గంటకు ఏడున్నర కిలోమీటర్ల సగటు నిలుపుకున్నా, కాలు కదుపుతూ ఉండవలసిన సమయమే పధ్నాలుగు గంటలు. ఇంతవరకూ నీ కాగితంలోనూ ఉంది. నీ కాగితంలో లేనిది ఆగే సమయం. గంటకొకసారి క్రూ బండి (నీకు సాయంగా వెంట వచ్చేవాళ్ళ బండి) దగ్గర ఐదు నిమిషాలు ఆగితే రోజుకు డెబ్భై నిమిషాలు, 47 రోజులకు దాదాపు 55 గంటలు అవుతుంది. అది నీ పరుగులో నాలుగు రోజులతో సమానం. ఈ రికార్డు వేగం వల్ల కన్నా, ఎవరు ఎంత తక్కువ సేపు నిలబడ్డారన్న దానివల్లే ఎక్కువగా తేలుతుందని నాకు అనిపించింది. సాక్సు మార్చుకోవడం, గులకరాయి తీసుకోవడం, ఎవరో అభిమానితో ఫోటో, ఇవన్నీ ఆ 55 గంటల్లోవే.

తరువాత తిండి. కిలో బరువుకు, కిలోమీటరుకు, సుమారు ఒక కిలోక్యాలరీ అన్న మోటు లెక్కతో చూసినా నీ యాభై ఐదు కిలోల శరీరం పరుగుకే రోజుకు 5,700 ఖర్చు చేస్తుంది. ఊరికే పడుకుని ఉన్నా అయ్యే పదమూడు వందలు దానికి కలుపుకో. 2015లో అమెరికాను అడ్డంగా దాటిన కొందరు రన్నర్ల మీద జరిగిన అధ్యయనం 2019లో వెలువడింది. శ్రమ నెలల తరబడి సాగితే, మనిషి విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తికి రెండున్నర రెట్లకు మించి భరించలేడని, తిన్నదాన్ని పేగులు అంతకన్నా ఎక్కువగా వంటికి పట్టించలేకపోవడమే అందుకు కారణం కావచ్చని అందులో రాశారు. నీది నెలన్నర వ్యవహారం కాబట్టి ఆ హద్దు కొంచెం పైన ఉండవచ్చు. అయినా ఖర్చంతా తిండితో పూడ్చడం కుదరదు, రోజురోజుకూ నువ్వు తరిగిపోతూనే ఉంటావు. మూడో వారానికి వచ్చేసరికి తినడం ఇష్టంగా కాక ఉద్యోగంలా మారుతుందని గుర్తుంచుకుని, ఏది పెడితే అది మింగే మనిషిగా తయారవ్వాలి.

నన్ను నిజంగా ఆపేసిన కాగితం మరొకటి ఉంది. 2009లో ఇటలీలోని బారి నుంచి నార్వే ఉత్తరపు కొసన ఉన్న నార్త్ కేప్ దాకా 64 రోజుల్లో 4,487 కిలోమీటర్ల పరుగు పందెం జరిగింది. ఒక ఎమ్మారై యంత్రాన్ని లారీ మీద ఎక్కించుకుని రన్నర్ల వెంటే తీసుకువెళ్ళిన వైద్యులు, దారి పొడవునా వారి కీళ్ళను, మెదళ్ళను స్కాన్ చేశారు. చీలమండ, పాదాల కీళ్ళలోని మృదులాస్థి మొదటి వెయ్యిన్నర, రెండున్నర వేల కిలోమీటర్ల వరకు దెబ్బతిని, ఆ తరువాత పరుగు సాగుతుండగానే తిరిగి కోలుకోవడం మొదలుపెట్టిందట. దీన్ని మీ అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. మెదడు సంగతి మాత్రం వినిపించలేదు. పందెం ముగిసేసరికి మెదడులోని బూడిదరంగు పదార్థం పరిమాణం ఆరు శాతం తగ్గిందని, మెదడులో గాయాలేవీ కనబడలేదని, ఎనిమిది నెలలకు మళ్ళీ మామూలు స్థితికి వచ్చిందని అందులో ఉంది. తిరిగి వస్తుందన్నది ఊరటే. కానీ ముప్ఫై ఐదో రోజున, నిద్ర చాలక, బరువు తగ్గి, మోకాలు వాచి ఉన్న స్థితిలో "ఇంకొక రోజు పరుగెత్తగలను" అన్న తీర్పు చెప్పవలసింది ఆ అలసిన మెదడే కదా అన్న ఆలోచన నన్ను వదలలేదు.

అందుకే నీ ఇరవై నాలుగు గంటల పందెం మళ్ళీ గుర్తుకు వచ్చింది. ఆ రాత్రి గురించి ఇంతవరకూ నీతో పూర్తిగా చెప్పలేదు. నాలుగు వందల మీటర్ల ట్రాకు పక్కన బల్ల వేసుకుని, నువ్వు చుట్టు తిరిగి వచ్చినప్పుడల్లా సీసా అందించడం నా పని. వేడి ఎక్కువగా ఉందని నీళ్ళు ఎక్కువగా తాగించాను, ఉప్పు సంగతి పట్టించుకోలేదు. సాయంత్రం నీ గడియారం పట్టీ నాలుగో రంధ్రంలో ఉంది. రాత్రి పదింటికి మూడోదానికి, పన్నెండింటికి రెండోదానికి మారింది. పంతొమ్మిదో గంటలో నువ్వు ఆ గడియారాన్నే విప్పి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయావు. మణికట్టు చుట్టూ పట్టీ అచ్చు ఎర్రగా, లోతుగా దిగి ఉంది, వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. చూశాను. చూసి కూడా గడియారాన్ని జేబులో వేసుకుని మరో నీళ్ళ సీసా తెరిచాను, ఎందుకంటే రెండో స్థానంలో ఉన్న అమ్మాయికీ నీకూ మధ్య అప్పటికి మూడు చుట్లే తేడా ఉంది. ఇరవై ఒకటో గంటలో వైద్య శిబిరంలోని డాక్టరు నీ రక్తంలో సోడియం ఎంత పడిపోయిందో చెప్పి నిన్ను ఆపేసినప్పుడు, నువ్వు ఆయన మీద కోప్పడ్డావు. కోపం రావలసింది నా మీద. ఎలా ఉన్నావని నేను అడిగిన ప్రతిసారీ నువ్వు "బాగానే ఉన్నాను" అన్నావు; నాకు కావలసిన జవాబు కూడా అదే కాబట్టి నేను నమ్మాను.

ఆగితే రికార్డు పోతుందన్నది కూడా అన్నివేళలా నిజం కాదు. పీట్ కోస్టెల్నిక్ 2016లో ఇదే దారిన వెళుతూ మొదట్లోనే గాయపడి ఒక రోజు పూర్తిగా ఆగిపోయాడు. అయినా 42 రోజుల 6 గంటల 30 నిమిషాల్లో ముగించి, ఫ్రాంక్ జానినో 1980లో నెలకొల్పిన 46 రోజుల 8 గంటల 36 నిమిషాల రికార్డును నాలుగు రోజులకు పైగా తేడాతో దాటాడు. ముప్ఫై ఆరేళ్ళు నిలిచిన రికార్డు అది. హాఫ్‌మన్ సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. భౌతికశాస్త్రం బోధించే ఆ ప్రొఫెసర్ 2019లో మొదటిసారి బయల్దేరి, 42 రోజుల్లో నాలుగు వేల కిలోమీటర్లకు పైగా పరుగెత్తి, మోకాలి గాయంతో ఒహాయోలో ఆగిపోయింది. తీరం ఇంకా ఎనిమిది వందల కిలోమీటర్లు కూడా లేదు. అక్కడ ఆగడానికి ఎంత గుండె కావాలో నువ్వే ఊహించుకో. ఆ రోజు ఆగిన మోకాలితోనే నాలుగేళ్ళ తరువాత, 45 ఏళ్ళ వయసులో, నువ్వు ఇప్పుడు వెంటబడుతున్న సమయాన్ని సాధించింది.

కాబట్టి నేను అడిగేది ఒకటే. నిన్ను ఆపే అధికారం ఉన్న ఒక మనిషి పేరు, బయల్దేరే ముందే, నీ చేతివ్రాతతో రాసివ్వు. ఆ మనిషి ఆగమంటే ఎందుకని అడగవచ్చు గాని కాదనకూడదు. ఏయే స్థితుల్లో ఆగాలో కూడా తెలివిగా ఉన్నప్పుడే రాసుకోండి: మూత్రం రంగు ముదురు గోధుమకు మారితే, అడుగు వేసినప్పుడు ఎముక మీద ఒకేచోట పొడిచినట్టు నొప్పి వచ్చి రెండో రోజుకూ తగ్గకపోతే, మాట తడబడితే, రోడ్డు ఏ వైపు ఉందో తికమకపడితే. ఈ పేరు నాది కాకూడదు. వినయంతో అంటున్న మాట కాదిది, గడియారం జేబులో వేసుకున్న మనిషిగా అంటున్నాను. మీ అమ్మది కూడా వద్దు; ఆవిడ మొదటి రోజు సాయంత్రమే ఆపేస్తుంది. నీ కాళ్ళు రోజూ చూసే ఫిజియోథెరపిస్టు అయితే మంచిదని నా అభిప్రాయం. ఆమెకు నీ మీద ప్రేమ కొంత తక్కువ ఉంటుంది, ఈ పనికి అదే అర్హత.

దారి గురించి రెండు మాటలు. అంతర్రాష్ట్ర రహదారుల మీద చాలాచోట్ల కాలినడకన వెళ్ళనివ్వరు కాబట్టి పాత రోడ్లే నీకు దిక్కు. అక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి కనుక, ఎదురుగా వచ్చేవి కనబడేలా ఎడమవైపున పరుగెత్తుతావు. నీళ్ళు పోవడానికి రోడ్డును అంచుకు వాలుగా వేస్తారు కనుక నీ ఎడమ పాదం ఎప్పుడూ కుడి పాదం కన్నా కాస్త కిందనే పడుతుంది. ఒక గంట పరుగులో అది లెక్కలోకి రాదు. 47 రోజులు అదే వాలు మీద వెళ్ళేవాళ్ళకు తుంటి, మోకాలు లెక్క అప్పజెబుతాయి. బండ్లు లేని నెవాడా ఎడారి దారుల్లో, ముందూ వెనకా చూసుకుని, క్రూ బండి వెనక కాపు కాస్తుండగా నడిమధ్యకు వచ్చి పరుగెత్తు. సెప్టెంబరు నడుమ బయల్దేరాలన్న నీ ఆలోచన బాగుంది. ఎడారి ఎండ తగ్గాక, రాకీ పర్వతాల మీద మంచు పడకముందే దాటవచ్చు. కానీ పగళ్ళు రోజురోజుకూ కురచనవుతాయి, చివరి రెండు వారాలు చీకట్లోనే ఎక్కువ గంటలు పడతాయి. మెరిసే జాకెట్లు ఇప్పుడు తీసుకుంటున్నవాటికి రెట్టింపు తీసుకో.

నేను వస్తున్నాను. సీసాలు అందించడానికి కాదు, లాగ్‌బుక్ రాయడానికి. 2016లోనే మరొక రన్నర్ ఇదే రికార్డు కోసం వెళుతుంటే, రాత్రివేళ బండి మాత్రమే కదులుతోంది, పక్కన మనిషి లేడని చూసినవాళ్ళు అనుమానపడ్డారు. తరువాత నిపుణులు అతని గడియారంలోని అడుగుల లెక్కలు పరిశీలించి, కొన్ని భాగాలు పరుగెత్తినవి కావని తేల్చారు. అతను ఒప్పుకోలేదనుకో. ఏదేమైనా ఆ తరువాత వచ్చేవాళ్ళందరి మీదా ఆ నీడ పడింది. అందుచేత రెండు జీపీఎస్ గడియారాలు వేరువేరుగా నడవాలి, ప్రతి రాత్రి ఆగిన చోటును ఫోటో తీసి, తెల్లవారి అక్కడినుంచే అడుగు వేయాలి, దారిలో కలిసిన వాళ్ళ సాక్షి సంతకాలు తీసుకోవాలి. తూర్పుకు వెళుతూ మూడుసార్లు గడియారం గంట ముందుకు జరపవలసి వస్తుంది కనుక, లాగ్‌బుక్‌లో మాత్రం మొదటి రోజు సమయాన్నే చివరిదాకా ఉంచుతాను. లేకపోతే ఎవరో ఒకరు మూడు గంటలు తప్పు రాస్తారు.

రూళ్ళ పుస్తకాలు రెండు ఇప్పటికే కొన్నాను. మొదటి పేజీలో తేదీ, బయల్దేరిన సమయం, వాతావరణం కోసం గీతలు గీసి ఉంచాను. దాని పైన ఒక వరుస ఖాళీగా వదిలాను. నువ్వు పంపే పేరు అందులో రాయాలి.

ఇట్లు,
మీ నాన్న