రెండు ఆరాధనలు కలుస్తున్నాయి, గమనించగలరు

సంఘ సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

అయ్యగారి బదిలీ సంగతి తెలిసిందే. కొత్త అయ్యగారు వచ్చేవరకు ఆదివారం తమిళ, తెలుగు ఆరాధనలు కలిపి ఉదయం 8:30కే జరుగుతాయి. దీనిమీద గ్రూపులో వచ్చిన ‘మన చోటు’, ‘వాళ్ల పాటలు’ అనే మాటలు నాకు రుచించలేదు. 1911 వరకు మన చిత్తూరు, ఇప్పుడు చాలా భాగం తమిళనాడులో ఉన్న ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. మనలో చాలా ఇళ్లలో అమ్మమ్మది తమిళం, నాయనమ్మది తెలుగు. ఇక వాళ్లెవరు, మనమెవరు?

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. రోజువారీ వడ్డనలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. అపొస్తలులు ఉపదేశంతో సరిపెట్టలేదు, వడ్డన పని ఏడుగురికి అప్పగించారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకువే! సణిగినవాళ్ల చేతికే గరిటె ఇచ్చినట్టుంది.

మొన్న ఫ్యాను కింది బల్లపై ఎవరో చేతిసంచి పెట్టి చోటు పట్టుకున్నారు. చేతికర్రతో వచ్చిన ఒక తమిళ అవ్వ ప్రసంగం సగం అయ్యేదాకా గోడకానుకుని నిలబడింది. దయచేసి సంచులు ఒళ్లో పెట్టుకోండి.

తమిళ పాటలను తెలుగు లిపిలో రాయించి జిరాక్స్ తీయిస్తున్నాం. ఆరాధన తర్వాత భోజనం ఉంది. వడ్డనకు రెండు వైపుల నుంచీ పేర్లు కావాలి, శుక్రవారంలోగా చెప్పండి. సాంబారు ఎవరి పద్ధతిలో అన్నది మాత్రం వంటవాళ్లకే వదిలేద్దాం.